జంటగడిలో రెండో కాలు

"ఒంటి కాలి గంతు, ఒక్క గడి నాది,
రెండు కాళ్ళు మోపితే..."

తరవాతి ముక్క జారిపోయిందర్రా. కథ చెబుతుంటే అదే వస్తుంది, వినండి.

అనగనగా రాళ్ళూ రేగుపొదలూ ఉన్న ఒక అడవిలో పగడాలు అనే కౌజుపిట్ట ఉండేది. కౌజుకు ఎగరడం కన్నా పరుగే ముద్దు. ఒకనాడు పరిగెడుతూ పరిగెడుతూ ముళ్ళపంది బొరియలో పడి కాలు విరగ్గొట్టుకుంది.

దాని స్నేహితులు ఉడుత, తాబేలు. రెండూ కలిసి దాన్ని వాగు ఒడ్డున వెదురుపొదలో ఉన్న ఆసుపత్రికి చేర్చాయి. అక్కడ కొంగ డాక్టరమ్మ వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టింది. ఎముక అతికాక కట్టు విప్పింది.

"ఇక అడుగు వెయ్యి తల్లీ. ఇప్పుడు వెయ్యకపోతే కాలు బిగుసుకుపోతుంది. పరిగెత్తలేని కౌజును నక్క వదలదు," అంది.

పగడాలు కాలు మోపింది. తేలు కుట్టినట్టయింది. చప్పున ముడుచుకుంది.

డాక్టరమ్మ వంక చూసింది. ఆవిడ ఎప్పుడు చూసినా ఒంటికాలి మీదే. మెట్ట పిట్ట కదా, కొంగను అంతకుముందు చూసెరగదు పాపం. 'ఒక్క కాలితో ఆవిడ ఇంత ఆసుపత్రి నడుపుతోంది. నాకు మాత్రం రెండోది ఎందుకు?' అనుకుంది.

తాబేలు రేగుపండు చూపించి బతిమాలింది. "ఒక్క అడుగు వెయ్యి అమ్మీ, ఇది నీదే."

"ఇక్కడికే విసురు మామా," అంది పగడాలు.

మర్నాడు ఉడుత ఎగతాళి చేసింది. "నక్కగారికి విందు సిద్ధం. విస్తరి ఒక్కటే తక్కువ."

పగడాలు అటు తిరిగి పడుకుంది.

మూడోనాడు రెండూ దాన్ని పలకరించనే లేదు. దాని పడక ముందే ఇసుకలో గీతలు గీసి తొక్కుడుబిళ్ళ మొదలెట్టాయి. తాబేలు ఒంటికాలి మీద గెంతాలంటే ఎలా? ఒకటి ఎత్తితే ఇంకా మూడు నేల మీదే. ఉడుతేమో తోకతో గీతలన్నీ చెరిపేస్తోంది.

చూసి చూసి పగడాలుకు ఒళ్ళు మండింది. "అదేం ఆట? జరగండి."

ఒంటికాలితో మొదటి గడి, రెండో గడి దాటేసింది. తరవాత జంటగడి. పక్కపక్కన రెండు గడులు, ఒక్కోదాంట్లో ఒక్కో కాలు మోపాలి. పగడాలు ఆనించీ ఆనించకుండా తీసేసింది.

"అవుటు," అంది ఉడుత.

"ఆనించానుగా."

"ఆనిస్తే సరిపోదక్కా, మోపాలి. ఆట ఆటే."

"మోపితే నొప్పెడుతోందే."

తాబేలు మెల్లగా జరిగి జంటగడి పక్కన కూర్చుంది. "నా వీపు మీద రెక్క ఆనించుకో. నన్నో బండరాయి అనుకో. ఆటకు తప్పు లేదు."

రోజూ అదే ఆట, అదే తగవు. పగడాలు అలిగేది. పొద్దున్నే మళ్ళీ తనే బిళ్ళ వెతుక్కునేది. కాలు నొప్పి కన్నా అవుటవడం ఎక్కువ నొప్పి మరి. తాబేలు మాత్రం రోజుకు కాస్త దూరం జరుగుతూ వచ్చింది. పగడాలు గమనించనే లేదు.

తొలకరి జల్లు పడిన పొద్దున పగడాలు గెంతి జంటగడిలో దబ్బున దిగింది. రెండు కాళ్ళూ నేల మీదే. రెక్క ఆనించబోతే పక్కన ఎవరూ లేరు. తాబేలు అల్లంత దూరాన వాగు దగ్గర తడుస్తూ నవ్వుతోంది.

ఉడుత పాట ఎత్తుకుంది. "రెండు కాళ్ళు మోపితే రేవు దాటినట్టే!"

అదిగో, నాకు జారిపోయిన ముక్క అదేనర్రా.

"నాకూ ఒక ఆట ఇవ్వండే," అంటూ కొంగ ఈకల్లోంచి రెండో కాలు దించింది.

పగడాలు నోరు తెరిచింది. "మీకు రెండోది ఉందా డాక్టరమ్మా?"

"లేకేం? కాసేపు పడుకుందంతే. పడుకున్నదాన్ని లేపుకోవాలి గానీ లేదనుకుంటామా?"

ఆ సాయంత్రం పగడాలు రేగుపొదల వైపు పరుగు తీసింది. ఉడుత కూడా వెనకబడింది. కొంగ వెనకనుంచి కేకేసి చెప్పింది, "మళ్ళీ నా దగ్గరికి రాకు తల్లీ. వస్తే మాత్రం బిళ్ళ తెచ్చుకునే రా."

నీతి: కోలుకోవడానికి అడుగు మనమే వెయ్యాలి, పక్కన స్నేహితులుంటే ఆ అడుగు ఆటవుతుంది.