ఏటికిచ్చిన నల్లపెట్టె

అనగనగా, ఏడాదిలో సగం మంచే కురిసే రష్యా దేశంలో ఒక ఊరుండేదిట, బుజ్జీ. ఆ ఊళ్ళో ఇంటింటా నల్లపెట్టెలు చేసేవాళ్ళు. కాగితం మీద కాగితం అతికి, నూనెలో నానేసి, పొయ్యిసెగకి ఎండబెట్టి, మన లక్కపిడతల్లా మెరిసేదాకా మెరుగు పెట్టేవాళ్ళు. బయటంతా నలుపు. లోపల మాత్రం ఎరుపు. మూత మీద గుడ్డుసొన కలిపిన రంగులతో బొమ్మలు.

ఆ ఊళ్ళో ఉస్తిన్యా అనే పిల్ల ఉండేది. మంచు కరిగే రోజుల్లో బట్టలు జాడించడానికి వెళ్ళి, వాళ్ళమ్మ ఏట్లో పడిపోయింది. మరి రాలేదు. అప్పటికి చెల్లెలు పోల్యా పాలు తాగే పిల్ల.

మాటలొచ్చాక పోల్యా ఒకటే అడిగేది. "అక్కా, అమ్మ ఎలా ఉండేదే?"

ఉస్తిన్యా చెప్పబోయి ఆగిపోయేది. అమ్మ మొహం తనకీ చెదిరిపోతోంది మరి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పూర్తిగా చెరిగిపోకముందే మూత మీద గీసేస్తే ఇంకెక్కడికీ పోదు కదా అనుకుంది. అప్పుడు వాళ్ళమ్మ బొమ్మలేసిన కుంచె బయటికి తీసింది, ఉడుతతోక వెంట్రుకల కుంచె. ఎంతకీ మొహం గుర్తుకు రాలేదు.

ఆ తర్వాత పొయ్యి దగ్గర గిన్నెడు పాలు పెట్టింది. పొయ్యి కింద దొమవోయ్ ఉంటాడు. ఇంటిని కాచే ముసలాయన. పిల్లంత మనిషి, ఒళ్ళంతా బొచ్చు. అమ్మ మొహం ఎలా ఉండేదో చెప్పమని ఆయన్ని అడిగింది.

"ఇక్కణ్ణించి నాకు మొహమెక్కడ కనబడుతుందే పిల్లా? చేతులే కనబడేవి," అన్నాడు మూతి తుడుచుకుంటూ. "ఏం పట్టుకున్నా ఎడమచేతి చిటికెనవేలు పైకి లేపేది మీ అమ్మ."

ఉస్తిన్యా చేతులు గీసింది.

అప్పుడు అడివికి వెళ్ళింది. అక్కడ లేషీ ఉంటాడు, దారులు తప్పించే అడివిదొర. వాడికి చిక్కకూడదని, ఆ ఊరివాళ్ళంతా చేసినట్టే, కోటు తిరగేసి తొడుక్కుంది.

లేషీ పకపకా నవ్వాడు. "మీ అమ్మా ఇంతేనే! కోటు తిరగేసుకుని పుట్టగొడుగులకొచ్చేది. ఆకు కదిలితే చాలు, జడ కొస లాక్కుని వేలికి చుట్టుకునేది."

ఉస్తిన్యా జడ గీసింది. మొహం ఇంకా ఖాళీయే.

ఆ తర్వాత ఏటికి వెళ్ళింది. ఒడ్డున నిలబడి పిలిచింది. నీళ్ళలోంచి నాచుగడ్డంతో వొద్యనోయ్ లేచాడు. ఆ ఏటికి యజమాని.

"తాతా, మా అమ్మ మొహం కావాలి."

"ఆవిడ ఆఖరి చూపు నా దగ్గరుంది. చూపిస్తాను. కానీ బొమ్మ పూర్తయ్యాక పెట్టె నాకిచ్చెయ్యాలి."

"నా చెల్లెలికోసం తాతా..."

"అయితే చూడకు."

ఉస్తిన్యా కళ్ళు తుడుచుకుని సరేనంది. అప్పుడు నీళ్ళు నిలిచిపోయాయి. లోపల అమ్మ. ఆ కళ్ళు ఒడ్డుమీది ఇంటివైపే చూస్తున్నాయి.

ఇంటికొచ్చి మొహం గీసింది. తలగుడ్డ అంచుకి బంగారం పూసి, అది మెరిసేదాకా తోడేలు పన్నుతో రుద్దింది. పోల్యా చాలాసేపు చూసి, "నీలాగే ఉందే అక్కా," అంది. ఆ పెట్టె పొట్టకి హత్తుకుని పడుకుంది.

పొద్దున్న ఉస్తిన్యాకి పెట్టె దాచెయ్యాలనిపించింది. కానీ మాటిచ్చింది కదా! పోల్యా కాళ్ళు పట్టుకుని ఏడుస్తున్నా ఏటికి తీసుకెళ్ళి వదిలింది. మూత తెరుచుకుంది. లోపలి ఎరుపు పొయ్యిలో నిప్పులా మెరిసి, మునిగిపోయింది.

ఆ తర్వాత చెల్లెల్ని ఒళ్ళో కూచోబెట్టుకుని ఇంకో నల్లపెట్టె తీసింది. ఈసారి ఎవర్నీ అడగలేదు. చేతులు వచ్చాయి, జడ వచ్చింది, ఇంటివైపు చూసే కళ్ళూ వచ్చాయి. అప్పుడు చెల్లెలి వేళ్ళమధ్య కుంచె పెట్టి, నీకు పలక మీద అఆలు దిద్దించానే, అలాగే ఆ గీతలన్నీ దిద్దించింది.

పోల్యా ఏడుపాపి, పెట్టె పట్టుకున్న అక్క ఎడమచేతి వంక చూసింది.

"అక్కా, నీ చిటికెనవేలు పైకి లేచిందే!"

కథ నడిచిపోయింది కంచికి,
ఏరు నడిచిపోయింది తనింటికి,
కునుకు నడిచొచ్చింది నీ కంటికి.