ఎక్కడా తగలని బూట్లు

గవరయ్య మాస్టారుకి ఒక అలవాటుంది. శిష్యులు ఏదైనా అడిగితే జవాబు చెప్పడు. అడిగినవాళ్ళకే ఓ పని అంటగడతాడు. శ్రీకాకుళం నుంచి వెళ్ళి పటాలంలో చేరి, హిమాచల్ కొండల్లో మంచు మీద జారే విద్య పట్టుబడ్డాక, పింఛను తీసుకుంటూ అక్కడే ఉండిపోయిన మనిషాయన. ఆదివారాలు పదిమందికి స్కీయింగ్ నేర్పుతాడు. ఆయన దగ్గర చేరాలంటే ముందు ఓపిక నేర్చుకు రావాలని శిష్యులు నవ్వుకుంటారు.

ఆ చలికాలం కొత్తగా చేరిన కామేశ్వరి అడిగింది చాలా చిన్న ప్రశ్న. "మాస్టారూ, బూట్లు ఎక్కడ కొనుక్కోమంటారు?"

అడగడానికి కారణముంది. ఇక మీదట తరగతినంతా పై వాలుకి తీసుకెళ్తానని మాస్టారు చెప్పాడు. అద్దె బూట్లవాళ్ళు, కాలికి కుదరని బూట్లవాళ్ళు కింద పిల్లల వాలు మీదే ఉండిపోవాలి. కామేశ్వరికి అది మామూలు సంగతి కాదు. భర్త పోయాక కాకినాడలో పరామర్శలు పడలేక, బ్యాంకులో పెద్దవాళ్ళని బతిమాలి, తననెవరూ ఎరగని ఈ ఊరికి బదిలీ చేయించుకుంది. "ఎలా పోయాడమ్మా? చివరి మాటేమన్నాడు?" అని అడిగే నోళ్ళు లేని చోటు కావాలనుకుంది, దొరికింది. ఎంత బాగా దొరికిందంటే, శనివారం బ్యాంకు మూసింది మొదలు సోమవారం తెరిచేదాకా ఆమెని పలకరించేది ఈ తరగతివాళ్ళే. వంట చేసుకుంటూ, తన గొంతు ఉందో పోయిందో చూసుకుందామని తనని తానే పేరు పెట్టి పిలుచుకున్న రోజులున్నాయి. వీళ్ళు కూడా పైకి వెళ్ళిపోతే ఆమెకి ఆదివారం కూడా లేనట్టే.

మాస్టారు స్కీ పలకకి మైనం రుద్దుతూ అన్నాడు. "బజార్లో అద్దాల తలుపుల బూట్ల కొట్టుంది, ఈ వాలు కింద డోల్మా కొట్టుంది. రెండిట్లోనూ తొడిగి సూడమ్మా. తొడుక్కుని కాసేపు కూకో. ఏది నచ్చితే అది కొనీసుకో."

ఆమె ముందు డోల్మా కొట్టుకి వెళ్ళింది. డోల్మా నలభై దాటిన మనిషి, నోటికి తాళం లేదు. కామేశ్వరి వేసుకున్న రెండు జతల ఉన్ని మేజోళ్ళు ఊడబీకి, పల్చటి జత ఒకటి తొడిగింది. బూటు లోపలి మెత్త బయటికి లాగేసి, ఉత్త ప్లాస్టిక్ పెంకులో కాలు పెట్టించి, మడమ వెనక రెండు వేళ్ళు దూర్చి చూసింది. మెత్త మళ్ళీ పెట్టి పట్టీలు బిగించింది. కాలంతా ఎవరో గట్టిగా పట్టుకున్నట్టయింది. అది చాలదన్నట్టు ప్రశ్నలు మొదలయ్యాయి. "ఇంట్లో ఎవరెవరున్నారు దీదీ? మీ ఆయనేం చేస్తాడు?" కామేశ్వరి బూట్లు విప్పేసి, పనుందని చెప్పి బయటపడింది.

అద్దాల కొట్టులో ప్రాణం హాయిగా ఉంది. అక్కడి కుర్రాళ్ళు అడిగిన సైజు తెచ్చి ముందు పెట్టి, ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డారు. మందపాటి మేజోళ్ళతోనే ఒక జత తొడుక్కుంది. ఎక్కడా నొక్కలేదు, అసలు తగలనే లేదు. వెంటనే కొనేసింది.

ఆదివారం మాస్టారు ఆ బూట్లు చూశాడు. మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె కుడి బూటుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"కాలు ఎడం పక్కకి తిప్పమ్మా."

తిప్పింది. బూటు ఆయన చేతుల్లో ఉన్నది ఉన్నట్టే ఉంది.

"తిప్పానండీ."

"నువ్వు తిప్పావు. దానికి తెలీనేదు."

తరగతి పైకి వెళ్ళిపోయింది. వాళ్ళ కేకలు, నవ్వులు కాసేపు వినపడి ఆగిపోయాయి. పిల్లల వాలు మీద ఆ రోజు పిల్లలు కూడా లేరు. తన చుట్టూ ఇంత ఖాళీని తనే కావాలని తెచ్చుకున్నానని కామేశ్వరికి అప్పుడు తెలిసింది. చాలా భయమేసింది. పలకలు భుజాన వేసుకుని నేరుగా డోల్మా కొట్టుకి దిగింది.

డోల్మా ఎందుకొచ్చావని అడగలేదు. మొన్నటి జతే తెచ్చి తొడిగింది. మోకాళ్ళు వంచి నిలబడమంది.

"ఎక్కడ నొక్కుతోంది?"

"అంతటా."

"అంతటా పట్టుకుంటే మంచిదే. ఒక్కచోట పొడిస్తే చెప్పు, ఆ చోటు వేడి చేసి సాగదీస్తా. ఇంటికెళ్ళాక పొడిచినా ఇక్కడికే రా." తర్వాత టీకి నీళ్ళు పెడుతూ, ఏమాత్రం మొహమాటం లేకుండా, మళ్ళీ అదే అడిగింది. "మీ ఆయనేం చేస్తాడు దీదీ?"

"పోయారు."

"ఎలా?"

కామేశ్వరి చెప్పింది. ఆసుపత్రి సంగతి, ఆఖరి రోజు ఆయన కొబ్బరినీళ్ళు అడిగితే డాక్టరు వద్దన్నాడని తను ఇవ్వని సంగతి, ఎవరికీ చెప్పనిది, చెప్పేసింది. వచ్చీరాని హిందీ చాలక మధ్యలో తెలుగులోకి దిగింది, డోల్మా ఊఁ కొడుతూనే ఉంది. ఏడుస్తుంటే ఓదార్చలేదు. ఉండుండి వంగి, పట్టీ ఒక మెట్టు వదులు చేసి, "ఇక్కడేమైనా పొడుస్తోందా?" అని అడుగుతోంది. టీ చల్లారిపోతే మళ్ళీ కాచింది. చివరికి చీలమండ దగ్గర ఒకచోట పొడుస్తోందని తేలింది. అది సరిచేసి ఇచ్చింది.

మరుసటి ఆదివారం మాస్టారు ఆ బూటుని చేతులతో పట్టి చూశాడు. ఆమె కాలు తిప్పితే ఆయన చేతులు కూడా తిరిగాయి. లేచి, పైకి పద అన్నట్టు తలాడించాడు. దారిలో కామేశ్వరి ఉండబట్టలేక అడిగింది. "డోల్మా దగ్గరే కొనమని ఆ రోజే చెప్పొచ్చు కదా మాస్టారూ? ఒక ఆదివారం వృథా అయ్యేది కాదు."

ఆయన నడక ఆపలేదు.

"ఆ రోజే సెప్పీసుంటే, బూట్లు మట్టుకే కొనీసుకుని వచ్చీదానివి తల్లీ."