బెంజిమెను పిట్టగోడ

బైబిలు కాలేజీ గుమ్మం తొక్కని నాకు ధర్మశాస్త్రం గురించి తెలిసిందంతా మా చర్చి పాస్టరు శాంతయ్య అయ్యగారి వెంట విందులకు వెళ్లి తెలుసుకున్నదే. ఆయన ప్రసంగాల్లో కునుకు తీసినా, భోజనాల దగ్గర మాత్రం నేను పూర్తి మెలకువతో ఉండేవాణ్ణి.

అయ్యగారి శిష్యుడు బెంజిమెను కొత్త డాబా కట్టి, గృహప్రతిష్ఠ ప్రార్థనకి సంఘాన్నంతా పిలిచాడు. ప్రార్థన అయింది. పైన షామియానా కింద వడ్డనలు మొదలవుతుండగా, ఎన్నాళ్లుగానో దాచుకున్న ప్రశ్న బయటపెట్టాడు.

"అయ్యగారూ, పంది మాంసం తినొద్దన్నది పోయింది. ఉన్నీ నారా కలిపిన బట్ట కట్టొద్దన్నదీ పోయింది. మనం ధర్మశాస్త్రం కింద లేం, యేసు కృపలో ఉన్నవాళ్లం. ఆ ఆజ్ఞలన్నీ ఉన్న ద్వితీయోపదేశకాండంలో ఇంక మనకి మిగిలిందేమిటండీ?"

అయ్యగారు చుట్టూ చూశారు. ముందు ముందు ఇంకో అంతస్తు వేద్దామన్న ఆశతో బెంజిమెను డాబాకి పిట్టగోడ కట్టించలేదు. మూలల్లో ఇనప చువ్వలు మాత్రం ఆకాశానికి చేతులెత్తి ప్రార్థిస్తున్నాయి. అయ్యగారు తన కుర్చీని అంచు దాకా ఈడ్చుకుపోయి, వీధికి వీపు పెట్టి కూర్చుని, బిర్యానీ తెమ్మన్నారు.

"అయ్యో, ఇటు జరగండి అయ్యగారూ! వెనక్కి ఒరిగారంటే వీధిలో పడతారు!"

"గాలి బాగుంది నాయనా. అయినా ఆ కాండం కొట్టేశాం కదా, నీకెందుకంత కంగారు?"

బెంజిమెను బతిమాలాడు. పిల్లల మీద ఒట్టు పెట్టబోయి, ఒట్టు పెట్టకూడదని ప్రభువు చెప్పింది గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు. అయ్యగారికేమో నవ్వొచ్చినప్పుడల్లా వెనక్కి వాలడం అలవాటు. ఆయన నవ్వనే నవ్వారు. బెంజిమెను ఒక్క ఉదుటున వెళ్లి, కుర్చీకీ అంచుకీ మధ్యనున్న మూరెడు జాగాలో దూరి, కుర్చీ వీపుని రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయాడు. కిందికి చూడటం లేదు. సాయం వెళ్దామనే అనుకున్నాను గాని, సరిగ్గా అప్పుడే నా ప్లేట్లో లెగ్ పీసు పడింది.

అయ్యగారు తీరుబడిగా తిన్నారు. పెరుగు చట్నీ మారు వేయించుకున్నారు కూడా. చెయ్యి కడుక్కున్నాక లేచి, చెమటతో తడిసిన శిష్యుణ్ణి భుజం పట్టుకుని షామియానా నడిమికి తీసుకొచ్చి కూర్చోబెట్టారు. తనే ప్లేటు తెచ్చి వడ్డించారు.

"కొత్త ఇల్లు కట్టినవాడు, పైనుంచి ఎవరూ పడిపోకుండా పిట్టగోడ కట్టాలని ఆ కాండంలోనే ఉంది నాయనా. రేపు ఇటికలతో కట్టిద్దువుగాని, ముందు తిను. ఇవాళ నువ్వు దేనితో కట్టావో, దాన్ని మాత్రం కొట్టెయ్యకు."