గింజంత తప్పు

థర్స్టన్ రెండుసార్లు ఓడిపోయాడు. మూడోసారి కూడా ఓడితే ఇక ఉలి పట్టకూడదు. ఆ ఇంగ్లండు పట్నంలో వడ్రంగి పెద్దల కట్టుబాటు అది. అతనికి ముప్పయ్యారేళ్లు. ఇంకో పని రాదు.

ఆ కాలంలో అక్కడ ఇళ్లు కర్రవే. ఓక్ స్తంభాలూ దూలాలూ నిలబెట్టి, సందుల్లో తడికలల్లి మట్టి మెత్తేవారు. ఇనప మేకు ఒక్కటి వాడితే ఒట్టు. దూలం కొసను నాలుకలా, అంటే కూసంగా చెక్కి, స్తంభంలో తొలిచిన తొర్రలో దూర్చి, రెంటికీ అడ్డంగా చిల్లు పెట్టి చెక్క చీల దిగ్గొట్టేవారు. మేస్త్రీ అనిపించుకోవాలంటే పచ్చి ఓక్‌తో ఇంటి చట్రం కట్టి, నెల్లాళ్లు గాలికి వదిలేయాలి. కర్ర ఎండేకొద్దీ అతుకులు నోళ్లు తెరుస్తాయి. అప్పుడు పెద్దలొచ్చి అతుకుల్లో పల్చటి కత్తి దూర్చి చూస్తారు. కత్తి దూరిందా, అంతే సంగతులు.

థర్స్టన్ చట్రంలో రెండుసార్లూ దూరింది.

"ఈసారి వెంట్రుక కూడా దూరదు," అన్నాడు భార్య మార్జెరీతో.

పట్టు పట్టాడంటే పట్టే. కూసంలో చిల్లూ స్తంభంలో చిల్లూ ఎంత సూటిగా కుదిర్చాడంటే, ఒక కన్ను మూసి చూస్తే అవతల తిరిగే కోడి కనిపించేది. చీల వేలితో నెడితే దిగేది. పద్దెనిమిది అతుకులు అలాగే చేసి, లోలోపల మీసం మెలేశాడు.

గురువు ఆస్విన్ ముసలాయన. ఏడేళ్లలో ఆయన నోరారా మెచ్చుకున్నది మార్జెరీ కాచే సూపును మాత్రమే. ఆ రోజు పంతొమ్మిదో అతుకు దగ్గరికొచ్చి, "చిల్లులు తొలిచే బర్మా ఇటివ్వు," అన్నాడు.

కూసాన్ని తొర్రలో దూర్చి, స్తంభం చిల్లులోంచి దాని మీద గుర్తు పెట్టాడు. బయటికి లాగి, గుర్తు మీద కాకుండా కాస్త దూలం వైపుకి చిల్లు వేసేశాడు.

థర్స్టన్ గబుక్కున వంగి చూశాడు. "గురువుగారూ! చిల్లు పక్కకి పోయింది!"

"ఎంత?"

"బార్లీ గింజంత."

"ఆఁ. అంతే."

ముసలాయనకి చూపు మందగించిందనుకున్నాడు థర్స్టన్. రెండు రోజుల పని మట్టి కొట్టుకుపోయింది. కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆస్విన్ కూసాన్ని మళ్లీ దూర్చి, కొస సన్నగా చెక్కిన చీలను ఆనించి, సుత్తి అతని చేతికిచ్చాడు.

"దిగదండీ. చిల్లులు కలవలేదు."

"కొట్టు."

కొట్టాడు. చీల మొరాయించింది. కోపమంతా చేతిలోకి తెచ్చుకుని మళ్లీ కొట్టాడు. చీల వంగి, దారి చేసుకుంటూ దిగింది. దూలం కిర్రుమని కళ్లముందే జరిగి స్తంభాన్ని కరుచుకుంది. థర్స్టన్ నడుముకున్న కత్తి తీసి అతుకులో పెట్టబోయాడు. మొన కూడా దిగలేదు.

ఆస్విన్ మొదటి అతుకు దగ్గరికి నడిచి, అక్కడి చీలను రెండు వేళ్లతో లాగాడు. వచ్చేసింది. దాన్ని శిష్యుడి అరచేతిలో పెట్టాడు.

"సుఖంగా దిగింది. సుఖంగానే వచ్చింది," అని సూపు తాగడానికి వెళ్లిపోయాడు.

థర్స్టన్ గర్వానికి కూసాలు కదిలాయి. చట్రం గాలికి పెట్టడానికి తొమ్మిది రోజులే గడువు. రోజుకి రెండు అతుకులు. చీల జేబులో వేసుకుని, మిగతా పదిహేడూ ఊడబీకాడు. పాత చిల్లులు పూడ్చి, పక్కన కొత్తవి పెట్టడం మొదలెట్టాడు. సూటిగా పెట్టడం అలవాటైన చెయ్యి ప్రతిసారీ గుర్తు మీదికే పోయేది. ప్రతిసారీ దాన్ని గింజంత పక్కకి లాగాడు.

నెల తిరిగాక పెద్దలొచ్చారు. పంతొమ్మిది అతుకుల్లో ఒక్కదానిలోనూ కత్తి దూరలేదు.

"పోయిన రెండుసార్లూ ఏం తప్పు చేశావోయ్?" అనడిగాడు వాళ్లలో పెద్దాయన.

థర్స్టన్ గురువు వంక చూశాడు. ఆయన చట్రం పైదూలాల కేసి చూస్తున్నాడు.

"బార్లీ గింజంత తప్పు కూడా చెయ్యలేదండీ," అన్నాడు థర్స్టన్.