జున్నుకి కట్టిన పొత్తిగుడ్డ

ఈ కథ నాకు మొదట చెప్పింది మా పెద్దమ్మ అప్పలనర్సమ్మ. పప్పు విసురుతూ, తిరగలి ఆపకుండా చెప్పింది. నేను ఒక్క ముక్క మార్చను. మధ్యలో లేచేవాళ్ళు ఇప్పుడే లేవండి.

అనగా అనగా ఒక రాజుగారికి ఒక ధాన్యం కొట్టు. ఆ కొట్టుకి కాపలా గవరమ్మ ఇంటివాళ్ళు. కొట్టులో ఎలకలకి కాపలా గవరమ్మ పిల్లులు రెండూ. నల్లది కాటుక, బూడిదరంగుది విభూతి. ఆ ఇంటికి పైడమ్మ కొత్తకోడలిగా వచ్చింది. వస్తూ వస్తూ చీరసారెతో పాటు ఒక పిల్లిపిల్లని ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. జున్నుముక్కలా ఉండేది, పేరూ జున్నే. ఆ ఇంట్లో పైడమ్మకి నాది అనుకోడానికి అదొక్కటే. ఊ కొడుతున్నారా?

గవరమ్మ ఏం చేసిందీ, ఒకే కంచంలో తింటే పొత్తు కుదురుతుందని మూడింటినీ ఒక కంచం ముందు కూచోబెట్టింది. పాలు పోస్తే బుస్సుమన్నాయి. పెరుగేస్తే బుస్సుమన్నాయి. చేప వేస్తే కంచమే బోర్లాపడింది, జున్ను ముక్కు చీరుకుంది. కాటుక అలిగి అటకెక్కింది, కాటుక ఎక్కిందని విభూతి ఎక్కింది, విభూతి ఎక్కిందని ఎలకలు దిగాయి, ఎలకలు దిగాయని బస్తాలు చిరిగాయి, బస్తాలు చిరిగాయని గవరమ్మ నోరు లేచింది.

“చూడవే పిల్లా, ఇవాళ ఆదివారం. శుక్రవారం దాకా ఆగుతాను. అప్పటికీ ఇలాగే ఉంటే నీ పిల్లిని బుట్టలో పెట్టి ఏరు దాటిస్తాను,” అంది.

“అలాగే అత్తా,” అంది పైడమ్మ. అందేగానీ, ఆ పూట ముద్ద గొంతు దిగలేదు.

ఆ సాయంత్రమే పక్కింట్లో పురుడు వచ్చింది. పుట్టినబిడ్డకి కొత్తబట్ట కడతారా మనలో? కట్టరు. నాయనమ్మ కట్టి కట్టి మెత్తబడిన చీర చింపి పొత్తిగుడ్డ చేస్తారు. అది చూస్తూ చూస్తూనే పైడమ్మ ఇంటికి పరుగెత్తింది.

కాటుకా విభూతీ పొర్లి పొర్లి నలిపిన పాతపంచె ఒకటి అటకమీద ఉంది. దాన్ని సగానికి చింపి జున్నుని చుట్టింది. జున్ను పడుకున్న గుడ్డ తీసుకెళ్ళి అటకమీద పరిచింది. మొదటిరోజు కాటుక దాన్ని చూసి ఉమ్మేసినట్టు తుమ్మింది. రెండోరోజు వాసన చూసింది. మూడోరోజు దానిమీదే కునుకు తీసింది. జున్నుని మాత్రం పైడమ్మ వంటింట్లోనే పెట్టి తలుపు మూసి ఉంచింది. తలుపుకి అటు ఒక చిప్ప, ఇటు ఒక చిప్ప. వడ్డన ముందు పెద్దవాళ్ళకి, తరవాతే పిల్లదానికి. నాలుగోరోజు తలుపు జానెడు తీసింది. బుస్సు వినపడలేదు.

శుక్రవారం గవరమ్మ బుట్ట పట్టుకుని రానేవచ్చింది. వంటింటి గుమ్మంలో విభూతి జున్ను చెవి నాకుతోంది. కాటుక మటుకు నాకేం సంబంధం అన్నట్టు అటు తిరిగి కూచుంది, తోక మాత్రం పిల్లదానిమీద వేసి.

“బుట్ట దేనికత్తా?” అంది పైడమ్మ, ఏమీ ఎరగనట్టు.

“దేనికేమిటే? మూడూ వట్టి నేలమీద పడుకుంటాయా?” అంది గవరమ్మ. బుట్ట అక్కడ పెట్టేసి పెరట్లోకి నడిచింది.

కొట్టు వదిలి ఎలకలు పోయాయి, కోడలి ముద్ద గొంతు దిగింది. కొత్తగా వచ్చినవాళ్ళకి ముందు ఇంటివాసన పట్టనివ్వాలి, కంచం సంగతి తరవాత. అందరూ సుఖంగా ఉన్నారు. కథ కంచి బండెక్కింది, మీరు దుప్పట్లు లాక్కోండి.

ఒక్క మాట. మా తోటికోడలు గున్నమ్మ ఇదంతా అత్త గవరమ్మ తెలివని నలభై ఏళ్ళుగా చెప్పుకు తిరుగుతోంది. దాని మనవలు మీ బళ్ళోనేగా చదివేది. ఆ పొత్తిగుడ్డ కోడలు కట్టిందేనని రేపు ఎవరో ఒకరు వాళ్ళకి సరిగ్గా చెప్పి రండి.