కొత్త కిట్టు వచ్చేదాకా

“చేతిలో ఉన్నది పూర్తి చెయ్యాల్నా సార్, రాబోయేదాని కోసం ఆగాల్నా?” అని ధనుంజయ అడిగినప్పుడు రుద్రాచారిగారు బొటనవేలంత బొమ్మ ట్యాంకు చక్రాన్ని ఎమరీ కాగితంతో నున్నగా రుద్దుతున్నారు. తల ఎత్తలేదు. అడిగిన ప్రశ్నకు అడిగినచోటే జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ పనిలో జవాబు దొరికితే వాడి అదృష్టం, దొరక్కపోతే కనీసం పనైనా అవుతుంది.

ఆయన సికింద్రాబాదు బడిలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. తిరుమలగిరిలో తన మేడమీది గదిలో ప్రతి ఆదివారం, ప్లాస్టిక్ ముక్కలు అతికించి మిలిటరీ బండ్ల బొమ్మలు చేయడం నేర్పుతారు. వచ్చేవాళ్ళు పిల్లలనుకునేరు! ధనుంజయ తప్ప అందరూ నెరిసిన తలలవాళ్ళే, బ్యాంకుల్లో, రైల్వేలో పెద్ద ఉద్యోగాలు వెలగబెట్టినవాళ్ళే. వాళ్ళు బొమ్మలు చేసేది తక్కువ, కొత్త కిట్ల కోసం, అంటే ఆ ముక్కలుండే పెట్టెల కోసం, ఎదురుచూసేది ఎక్కువ. ఎక్కడో సముద్రాలకవతల ఓ కంపెనీ ఫలానా ట్యాంకు కిట్టు వచ్చే ఏడు తెస్తామంటుంది. అంతే, మసక ఫోటో ఒకటి ఫోనులో పెద్దది చేసుకుని, చక్రాల అంచు సరిగా ఉందా, ఫిరంగి గొట్టం రవ్వంత పొట్టిదా అని మధ్యాహ్నం దాకా కొట్లాడుకుంటారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఈలోగా సగం చేసిన పాత కిట్టు బీరువా మీదికి పోతుంది. మేలైనది ప్రకటించారంటే నాసిదాన్ని ఎక్కడిదక్కడ ఆపెయ్యాలన్నది వాళ్ళలో కట్టుబాటు. ఆపకుండా పూర్తి చేసినవాణ్ణి తొందరపాటు మనిషి కింద జమకడతారు.

ధనుంజయ అడిగిన ప్రశ్న మాత్రం వట్టి బొమ్మ గురించి కాదు. అతణ్ణి పెంచింది మేనమామ లింబాద్రి. ఆయన పటాలంలో రికవరీ బండి నడిపాడు. యుద్ధంలో కూరుకుపోయిన ట్యాంకులకు గొలుసు తగిలించి వెనక్కి లాక్కొచ్చే బండి అది. “ట్యాంకు నడిపినోళ్లకు మెడల్సు, దాన్ని గుంజుకొచ్చినోళ్లకు బురద” అని నవ్వేవాడు. ఆ మాట నిజమే. కంపెనీలన్నీ ట్యాంకుల కిట్లు తెచ్చాయి గానీ ఆ బండిని ఎవరూ తలుచుకోలేదు. చివరికి ధనుంజయే ఓ పాత ట్యాంకు కిట్టు కోసి, ప్లాస్టిక్ రేకులు కత్తిరించి, మామ చెప్పే గుర్తులను బట్టి దాన్ని చేయడం మొదలుపెట్టాడు. సగమైంది. అప్పుడే ఒక కంపెనీ సరిగ్గా ఆ బండి కిట్టే తెస్తున్నామని ప్రకటించింది. ఆదివారం సంఘమంతా అతని వీపు తట్టింది. ఇంకేం, ఆపెయ్యమంది. ఆపేశాడు.

ఆ కిట్టు వచ్చే ఏడన్నారు. వచ్చే ఏడు రాగానే ఆ పై ఏడన్నారు. ఫోటోలో గొలుసు తిరిగే ముందరి కప్పీ తప్పుగా ఉందని సంఘంవాళ్ళే ఉత్తరం రాస్తే, సరిచేస్తామని మళ్ళీ వాయిదా వేశారు. సరిచేస్తున్నారని వీళ్ళు పండగ చేసుకున్నారు. అవతల లింబాద్రి కళ్ళను షుగరు తినేస్తోంది. ముందు పేపరు చదవలేకపోయాడు, తరవాత మనుషుల మొహాలు పోల్చలేకపోయాడు. మిగిలిన చూపు ఎన్నాళ్ళో చెప్పలేమని డాక్టరు చేతులెత్తేశాడు. “నా బండి ఎంత దాంక వచ్చిందిరా?” అని మామ అడిగినప్పుడల్లా “వస్తున్నది మామా, ఇంకా మంచిది వస్తున్నది” అని చెప్పి ధనుంజయ బయటికి నడిచేవాడు. ఇప్పుడు కంపెనీ దీపావళికి ఖాయమంటోంది. అందుకే ఆ ప్రశ్న.

రుద్రాచారిగారు చక్రం మీది పొడి ఊది, “రేపు సెలవు పెట్టు. వామనరావు ఇంటికి పోదాం, పెట్టెలు మోయాలి” అన్నారు.

వామనరావు ఆ సంఘంలో అందరికంటే పాత సభ్యుడు, రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. కిందటి నెలలో గుండె ఆగి పోయాడు. ఆయన భార్య కనకవల్లిగారు లాలాగూడలోని అద్దె ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. కిట్లన్నీ పట్టుకెళ్ళి మీవాళ్ళు పంచుకోండని కబురు చేశారు. ఆ సంఘంలో ఎవరు పోయినా చివరికి జరిగేది ఇదే. పదోరోజు అయ్యాక పెట్టెల పంపకం.

గది తలుపు తీయగానే ధనుంజయ గుమ్మంలోనే నిలబడిపోయాడు. నేల నుంచి కప్పుదాకా పెట్టెలే. కిటికీ కూడా మూసుకుపోయింది. సిగ్గు విడిచి చెప్పాలంటే, అతనికి ముందు కలిగింది దుఃఖం కాదు, ఆశ. ఎన్నేళ్ళుగానో వెతుకుతున్న కిట్టొకటి పై వరసలో కనబడింది. దాన్ని అందుకోబోతుండగా కనకవల్లిగారు టీ తెచ్చారు.

“అన్నీ పట్టుకెళ్ళండి అన్నయ్యగారూ” అన్నారామె రుద్రాచారిగారితో. “ఆయన చేత్తో చేసిన బండి ఒక్కటి మాత్రం నాకు ఉంచండి. హాల్లో అద్దాల బీరువాలో ఒక అర ఖాళీగా పెట్టాను. రిటైరయ్యాక చేసి పెడతానన్నారు, నేనూ తుడుస్తూనే ఉన్నాను.”

ఇద్దరూ వెతకడం మొదలుపెట్టారు. పై కాగితం కూడా చింపని పెట్టెలు చాలా ఉన్నాయి. చింపినవాటిలో ముక్కలు కడిగి, ఆరబెట్టి, చిన్నచిన్న పొట్లాల్లో వేరు చేసి ఉన్నాయి. అతికించింది ఒక్కటీ లేదు. ఎందుకు లేదో ధనుంజయకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పెట్టె మీది బొమ్మ చూస్తేనే తెలిసిపోతోంది. ఇది కొన్న మరుసటి ఏడే ఇంతకంటే మంచిది ప్రకటించారు. అది వచ్చాక దాని గొలుసు పట్టాలు బాగాలేవని ఇంకొకరు మళ్ళీ చేస్తామన్నారు. ఆ ఇంకొకరిది కూడా పక్కనే ఉంది, ముట్టుకోకుండా. ఒక సాయుధ శకటం కిట్టు చేతికి తగిలినప్పుడు అతను దాన్ని బొమ్మ కనబడకుండా బోర్లించాడు. “తొందరపడకండి సార్, వచ్చే ఏడు మంచిది వస్తున్నది” అని వామనరావును ఆపింది తనే. ఆయన ఎంతో వినయంగా తలూపి, తీసిన జిగురు సీసాకు మళ్ళీ మూత పెట్టుకున్నాడు.

మధ్యాహ్నమైంది. కనకవల్లిగారు రెండుసార్లు వచ్చి గుమ్మంలోంచి చూసి వెళ్ళారు. మూడోసారి వచ్చేసరికి రుద్రాచారిగారు అడుగు వరస వెనకనుంచి ఒక బిస్కెట్ల డబ్బా తీశారు. అందులో అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దదైన జీపు ఉంది. చక్రాలు వంకర. అద్దం నిండా జిగురు మరకలు. రంగు ఒక పక్కే వేశారు.

“అయ్యో, ఇదా!” అని ఆమె నేలమీదే కూలబడ్డారు. “మా పెళ్ళైన కొత్తలో, కాజీపేటలో చేశారు. వంటింట్లో నేను కూర తరుగుతుంటే పక్కనే కూర్చుని ఒక్క సాయంత్రంలో అతికించేశారు. అప్పటికి ఏది మంచిదో ఆయనకు తెలీదు బాబూ.”

ధనుంజయ ఆ జీపును చేతిలోకి తీసుకుని వెలుతురుకి తిప్పాడు. బానెట్టు మీద ఒక బొటనవేలి ముద్ర ఉంది. జిగురు తడి ఆరకముందే పట్టుకుంటే ప్లాస్టిక్ మెత్తబడి, వేలి గీతలతో సహా అచ్చుపడిపోతుంది. వాళ్ళ విద్యలో అంతకు మించిన అప్రతిష్ఠ లేదు. ఆ తప్పు కనబడితే చేతులు ఊరుకోవు. పాపం, అతను మంచి మనసుతోనే అన్నాడు: “ఇది ఎమరీ కాగితం పెట్టి రుద్దితే పోతదమ్మా. నున్నగ చేసి, రంగేసి తెచ్చిస్త.”

“పోతుందా?” అని ఆమె గబుక్కున జీపు లాక్కున్నారు. ఆ ముద్ర మీద తన బొటనవేలు ఆనించి, ఎవరో వచ్చి చెరిపేస్తారన్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆమె పెద్దగా ఏడవలేదు. ఏడిస్తేనే బాగుండేది.

 ఆమె ఇచ్చాక రుద్రాచారిగారు ఆ జీపును తీసుకెళ్ళి అద్దాల బీరువా అరలో పెట్టారు. ట్యాంకు పట్టేంత చోటులో అది మూలకు పడ్డట్టుంది.

పట్టినన్ని పెట్టెలతో ఆటో ఎక్కాక ధనుంజయ, “సార్, నిన్న నేనడిగింది...” అని మొదలుపెట్టాడు. “ఆ పై పెట్టె జారుతోంది, గట్టిగా పట్టుకో” అన్నారాయన.

ఇంటికి వెళ్ళి బీరువా మీంచి సగం బండి దించాడు. దుమ్ము దులిపాడు. ఆఫీసుకు పోయే ముందు రోజూ కాసేపు కూర్చున్నాడు. కప్పీ ఎలా ఉండేదని మామను అడిగి, ఆయన చేతులతో గాలిలో చూపించినట్టే చేశాడు. తొందరలో ఒక పూట జిగురు ఎక్కువై, వెనక పలక మీద తన బొటనవేలు అచ్చుపడింది. అలవాటుగా ఎమరీ కాగితం అందుకుని, మళ్ళీ పక్కన పెట్టేశాడు.

ఇక రంగు వెయ్యడమే తరువాయి. ఆ రోజు పొద్దున కిటికీలోంచి ఎండ మంచం నిండా పడుతుండగా లింబాద్రి లేచి కూర్చుని, “లైటెందుకు బంద్ చేసినవ్రా?” అని అడిగాడు.

 ధనుంజయ రంగు మాత్రం వేశాడు. ఎవరూ చూడని రంగును ఎవరూ వెయ్యనంత శ్రద్ధగా వేశాడు. ఆరాక తెచ్చి మామ చేతుల్లో పెట్టాడు. లింబాద్రి వేళ్ళు ముందు కప్పీని పట్టుకున్నాయి, గొలుసును తడిమాయి, డ్రైవరు కూర్చునే రంధ్రం దగ్గర చాలాసేపు ఆగాయి.

“గిక్కడనే కూసునేటోన్ని” అన్నాడు. తరవాత, “రంగేమేసినవ్?”

“పచ్చరంగే మామా. నువ్వు చెప్పినట్టు బురద గూడ పెట్టిన.”

“మంచిగున్నదా?”

“మంచిగున్నది.”

వేళ్ళు వెనక పలక మీదికి వచ్చి ఆగాయి. “ఇదేంది, గరుకుగున్నది?”

“నా బొటనేలు వడ్డది మామా.”

 లింబాద్రి తన వేలు అక్కడే ఉంచి, కళ్ళు కిటికీ వైపు తిప్పి కూర్చున్నాడు. రెండేళ్ళ కిందట ఇదే చేసి ఇస్తే ఈ మనిషి కళ్ళారా చూసేవాడన్న మాట ధనుంజయకు ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా అది పోదు.

చిత్రంగా, ఆ దీపావళికి కంపెనీ మాట నిలబెట్టుకుంది. ఆదివారం రుద్రాచారిగారి గదిలో కొత్త కిట్టు బల్ల మీద ఉంది, చుట్టూ సంఘం. ముక్కలు తీసి చేతులు మార్చుకుంటున్నారు. కప్పీ అద్భుతం. గొలుసు లంకెలు విడివిడిగా కదులుతున్నాయి. వెతికి వెతికి ఎవరికీ తప్పు దొరకలేదు. “నీ కోసమే ఇంకోటి చెప్పి ఉంచినమయ్యా, మీ మామకు ఇప్పుడు అసలైంది చేసియ్యొచ్చు” అన్నారు ధనుంజయతో. అతను ఆ ముక్కల వంక చూసి, గురువు వంక చూశాడు.

“మామకు చూపు పోయింది సార్” అన్నాడు మెల్లగా.

రుద్రాచారిగారు కళ్ళజోడు సవరించుకున్నారు. పెట్టె మూత తీసుకుని, దాని మీది రంగుల బొమ్మను అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు.

“చాలా బాగుంది” అన్నారు. “వామనరావు ఉంటే తప్పకుండా కొనేవాడు.”