సింహాచలం ఒంట్లోకి వచ్చిన చుట్టం

అనగనగా అంటే మరీ అంత వెనక్కి కాదర్రా, మా అమ్మమ్మ చిన్నప్పటి మాట. గోదారి ఒడ్డున ఒక ఊళ్ళో సింహాచలమని పడవ నడిపేవాడు ఉండేవాడు. పెళ్ళాం పేరంటాలు. ఉయ్యాల్లో ఆర్నెల్ల పిల్ల. ఇంట్లో పేరంటాలి అత్తగారు, ఆవిడ నోరు ఊరంత. ఊ కొట్టండి, లేకపోతే ఆపేస్తాను.

ఒకసారి వరదల్లో, పట్టపగలే, సింహాచలం పడవ తిరగబడింది. జనం ఈదుకెళ్ళి అతన్ని ఒడ్డుకి లాగారు. ఊపిరి లేదు. అత్తగారు గుండెలు బాదుకుంది. పాడెకి వెదుళ్ళు కొట్టుకురావడానికి మనుషులు వెళ్ళారు. వాళ్ళు తిరిగొచ్చేలోగా సింహాచలం కళ్ళు తెరిచాడు. అందరూ దేవుడికి దండాలు పెట్టుకున్నారు. అతను మాత్రం పెళ్ళాం వంక చూసి, "ఎవరమ్మా మీరు?" అన్నాడు.

ఇంటికి తెచ్చారు. చేపల పులుసు పెడితే వాసనకే లేచిపోయాడు. గోదారి వైపు తిరగమంటే వణికిపోయాడు. ముఖం చూస్తే మొగుడు, మాట వింటే పరాయి. అత్తగారు వేపమండలతో కొట్టించింది, విభూది పెట్టించింది, మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేయించింది. కొట్టినా అదే మాట, పెట్టినా అదే మాట, తుడిచినా అదే మాట. నేను అవతలి ఒడ్డు కుమ్మరి గవరయ్యని, నన్ను మా ఇంటికి పంపండి.

చివరికి పేరంటాలే ఎదురుగా కూర్చుంది. మొగుడి ముఖం పెట్టుకున్న ఆ మనిషిని ఏమని పిలవాలో తెలీక, అన్నా అంది.

"అన్నా, మరి మా ఆయన ఎక్కడ?"

"తెలీదమ్మా. వరదలో నా ఒళ్ళు కొట్టుకుపోయింది. ఇది కనబడితే దూరాను. నేనొచ్చేసరికి లోపల ఎవరూ పలకలేదు."

పేరంటాలు ఏడవలేదు. ఏడిస్తే, ఆయన కళ్ళతో ఇంకెవరో చూస్తారుగా.

మర్నాడు మధ్యాహ్నం అతను ఉయ్యాల పక్కన చాప మీద నిద్రపోయాడు. పిల్ల లేచి ఏడ్చింది. పేరంటాలు పరిగెత్తుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. అతను గుర్రు పెడుతూనే ఉన్నాడు. చెయ్యి ఒక్కటే లేచింది. ఉయ్యాల తాడు పట్టుకుంది. రెండు చిన్న ఊపులు, ఒక పెద్ద ఊపు. సింహాచలం ఊపే.  పేరంటాలు మెల్లిగా వెళ్ళి, ఆ అరచేతిలో తన వేలు పెట్టి, మీరేనా అని అడిగింది. చెయ్యి గట్టిగా మూసుకుంది. అతను మేలుకోగానే మళ్ళీ వదులైపోయింది.

ఏంటర్రా, దగ్గరికి జరుగుతున్నారు? నేనున్నాగా.

అప్పుడామె అత్తగారితో, ఇక కొట్టించకండత్తయ్యా, ఇద్దరూ ఒక్క ఒంట్లోనే ఉన్నారు, దెబ్బ ఇద్దరికీ తగులుతుంది అంది. గవరయ్యని ఏం కావాలో అడిగింది. చూపులేని తల్లి ఉందిట. కొడుకు వస్తే గాని అన్నం ముట్టదుట. ఆవిడకి ఒక మాట చెప్పి పోతానన్నాడు.

వరద తీశాక పేరంటాలూ గవరయ్యా పడవెక్కారు. నీళ్ళు చూసి గవరయ్య బిగుసుకుపోయాడు.

"కళ్ళు మూసుకో అన్నా. తెడ్డు వెయ్యడం చేతులకి తెలుసు," అంది పేరంటాలు.

మూసుకున్నాడు. నోరు రామ రామ అని వణుకుతూనే ఉంది. చేతులు మాత్రం నింపాదిగా సుడి తప్పించి, పడవని ఒడ్డుకి చేర్చాయి.

గవరయ్య తన వాకిట్లో నిలబడి అమ్మా అనగానే, ముసలమ్మ వచ్చి అతని ముఖమంతా తడిమింది. "ముఖం మావాడిది కాదు. పిలుపు మావాడిదే," అంది. గవరయ్య ఆవిడ చెవిలో చెప్పాల్సింది చెప్పాడు. ఆవిడ తడుముకుంటూ వెళ్ళి అన్నం కుండ దించింది. తరవాత చద్దన్నం కలిపి, మూడు ముద్దలు అతని నోట్లో పెట్టి, ఇక వెళ్ళు నాయనా అంది.

మూడో ముద్ద మింగి ఆ ఒళ్ళు గోడకి ఒరిగిపోయింది. పేరంటాలు చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఎంతోసేపటికి కళ్ళు తెరుచుకున్నాయి.

"పేరంటాలూ," అన్నాడు సింహాచలం. "ఇన్నాళ్ళూ అరుస్తూనే ఉన్నాను. నా నోరే నా మాట వినలేదు. అతను నిద్రపోతే చెయ్యి దాకా రాగలిగాను."

ముసలమ్మని తమ ఇంటికే తెచ్చుకున్నారు. అత్తగారికి పోట్లాడుకోవడానికి తోడు దొరికింది. అందరూ చల్లగా బతికారు. సింహాచలం మాత్రం, ఊళ్ళో ఎవరు తెలివి తప్పి పడున్నా వెళ్ళి పక్కన కూర్చునేవాడు. పంటల కబుర్లూ, పెళ్ళిళ్ళ కబుర్లూ చెప్పేవాడు. వినపడదయ్యా అంటే, మీకెలా తెలుసు అనేవాడు.

అందుకే నాన్నా, పలకని మనిషి దగ్గర, లేడనుకుని మాట్లాడకూడదు. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి పదండి.